సర్పగంధి: తవ్వేముందు నాటండి



ఈవేళ నేను వరిని గూర్చీ మిరపను గూర్చీ మాట్లాడబోవడం లేదు. అడవిలో పెద్దచెట్ల నీడన మూరెడు ఎత్తున పెరిగే ఒక చిన్న మొక్కను గూర్చి నాలుగు మాటలు చెబుతాను. దాని పేరు సర్పగంధి. మన తెలుగునాట పాతాళగంధి అని కూడా అంటారు. చైత్ర వైశాఖాలలో, ఎండ ముదిరే వేళకు, ఇది పూత పడుతుంది. తెల్లని చిన్నపూలు, వాటిలో కాస్త గులాబి ఛాయ, వాటి కింద ఎర్రని తొడిమలు. గుత్తిగా పూసినప్పుడు దూరానికి ఎర్రగానే కనిపిస్తుంది. ఒకసారి నాటుకుంటే ఏళ్ళ తరబడి బ్రతికే మొక్క ఇది.

దీని విలువంతా వేరులో వున్నది. ఆ వేరే దీనికి శత్రువై కూర్చుంది. ఆకు కోస్తే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. కాయ కోస్తే మరుసటేడు మళ్ళీ కాస్తుంది. వేరు తవ్వితే ఇక మొక్కే వుండదు. మందుకోసం తవ్వినవాళ్ళు తవ్వుకుంటూ పోయారు, నాటినవాళ్ళు తక్కువ. అందువల్ల ఈనాడు అడవిలో ఇది అరుదైపోయింది.

కొండప్రాంతంలో పనిచేసేటప్పుడు ఒక ముసలాయన నాతో అన్నాడు: "బాబూ, మా నాయన కాలంలో ఈ గట్టుకింద ఒక పూటలో గంపెడు వేరు తవ్వేవాళ్ళం. ఇప్పుడు వారం తిరిగినా గుప్పెడు దొరకదు." నేను, "మరి ఎప్పుడైనా గింజ వేశారా తాతా?" అని అడిగాను. ఆయన నవ్వి, "అడవికి ఎవడైనా గింజ వేస్తాడా బాబూ?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ ప్రసంగమే ఆ జవాబు అనుకోండి.

ముందుగా మొక్కను గుర్తుపట్టడం నేర్చుకుందాం. సర్పగంధికి సాధారణంగా కణుపు కణుపుకూ మూడేసి ఆకులు చుట్టూ వుంటాయి. ఆకు పైన మెరిసే ఆకుపచ్చ, అడుగున లేతరంగు. కాయ బఠాణీ గింజంత వుండి, మొదట పచ్చగా, పండినాక నల్లని ఊదారంగులో నిగనిగలాడుతుంది. వేరు వంకర టింకరగా భూమిలోకి దిగుతుంది. పైతోలు లేత గోధుమరంగు, లోపల తెలుపు కలిసిన పసుపు. వాసన లేదు గాని చేదు మాత్రం జాస్తి.

పేర్ల దగ్గర ఒక చిక్కు వున్నది. పాతాళగరుడి అంటే చాలాచోట్ల దూసరతీగ అని అర్థం. అది పాకే తీగ, దీనికీ దానికీ సంబంధం లేదు. మరొకటి, ఇదే కుటుంబానికి చెందిన అమెరికా మొక్క ఒకటి మన రోడ్లపక్కనా బీళ్ళలోనూ పెరుగుతున్నది. దానికి కణుపుకు నాలుగేసి ఆకులు, అవీ పెద్దవి రెండు, చిన్నవి రెండుగా వుంటాయి. సర్పగంధి వేరులో ఆ మొక్క వేరు కలిపి అమ్మేవాళ్ళున్నారు. అందుకని పేరు విని కొనవద్దు. ఆకునూ కాయనూ కళ్ళారా చూసి కొనండి.

ఇక దీని వైద్యచరిత్ర చెబుతాను వినండి. మన దేశంలో ఆయుర్వేద, యునానీ వైద్యులు దీన్ని తరతరాలుగా వాడారు. నిద్రపట్టనివారికి, మతి చలించినవారికి, జ్వరంతో కలవరించేవారికి ఇచ్చేవారు. ఉత్తరాదిలో, బీహారు ప్రాంతంలో, దీనికి 'పాగల్ కీ దవా', అంటే పిచ్చికి మందు, అనే పేరుండేది. కాన్పు సమయంలో నొప్పులు రావడానికి కూడా వేరు కషాయం ఇచ్చే అలవాటు వుండేది. వేరు పాములా మెలికలు తిరిగి వుండటంవల్ల పాముకాటుకు విరుగుడని నమ్మారు. పాముతో పోట్లాడబోయే ముంగిస ముందుగా ఈ ఆకు నమిలి వెళుతుందనే కథ మీలో చాలామంది వినే వుంటారు.

ఈ వాడకాలలో ఏది నిజమో తేల్చడానికి మన శాస్త్రవేత్తలే ముందు నడుం కట్టారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోసు అనే వైద్యులు ఇది ఉన్మాదానికీ రక్తపుపోటుకూ పనిచేసే మందు అని వ్రాశారు. అదే సంవత్సరం ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ వేరునుంచి కొన్ని సారాలను వేరుచేశారు. వాటిలో ఒకదానికి హకీం అజ్మల్ ఖాను పేరుమీద అజ్మలీన్ అని పేరు పెట్టారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రక్తపుపోటు రోగులకు ఈ మందిచ్చి, ఫలితాలను ఇంగ్లండులోని హృద్రోగ పత్రికలో ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు వేరులో అసలు పనిచేసే సారాన్ని పట్టుకున్నారు. దాని పేరు రిసర్పిన్. ఆధునిక వైద్యంలో రక్తపుపోటుకూ మానసిక రోగాలకూ వాడిన తొలి మందులలో ఇదొకటి.

ఇంకేముంది! ప్రపంచమంతా ఈ వేరుకోసం ఎగబడింది. గిరాకీ పెరిగినకొద్దీ అడవిలో గునపం దిగింది. చివరకు 1990లో అంతర్జాతీయ ఒప్పందం ఒకటి సర్పగంధిని తన రెండవ జాబితాలో చేర్చింది. అంటే, అనుమతి పత్రం లేకుండా వేరును దేశం దాటించకూడదన్నమాట. ఈ ఒప్పందాన్నే సైటిస్ అంటారు.

ఇక్కడ కొంచెం నిలబడి, ప్రాణానికి సంబంధించిన మాట చెప్పాలి. వేరులో బలం వున్నదని ఋజువైంది కదా అని, దాన్ని ఇంట్లో అరగదీసుకుని తాగవచ్చా? వద్దు. బలమున్న మందు కనుకనే కొలత తప్పితే కీడు చేస్తుంది. రక్తపుపోటు మరీ పడిపోవచ్చు, గుండె నెమ్మదించవచ్చు. ముక్కు దిబ్బడ, మత్తు, కడుపులో పుండ్లు వస్తాయి. మనసు కుంగిపోయి, బ్రతుకుమీద విరక్తి కలిగిన సందర్భాలు కూడా వైద్యులు చూశారు. ఒక మొక్క వేరులో వున్నంత సారం పక్కమొక్క వేరులో వుండదు. వయసును బట్టి, నేలను బట్టి, తవ్విన కాలాన్ని బట్టి మారుతుంది. ఇంట్లో చెంచాతో కొలిచి ఆ తేడా తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మనోవ్యాకులత వున్నవారు దీని జోలికి పోకూడదు. ఇప్పటికే బి.పి. మాత్రలు మింగుతున్నవారు దీన్ని కలిపి వాడితే మరీ ప్రమాదం. ఈనాడు డాక్టర్లు కూడా రిసర్పిన్ తక్కువగానే వాడుతున్నారు. అంతకంటే ఇబ్బంది తక్కువైన మందులు వచ్చాయి. ఆయుర్వేదంలో సర్పగంధి మాత్రలు ఇప్పటికీ వున్నాయి. వాటినైనా చదువుకున్న వైద్యుడు చూసి ఇస్తేనే వాడాలి.

పాముకాటు సంగతి మరీ గట్టిగా చెబుతున్నాను. పాము విషాన్ని విరిచే శక్తి ఈ వేరుకు వున్నదని ఋజువు కాలేదు. మేము పనిచేసే చోట ఒక పాలేరు కుర్రవాడు నేలమీద పడుకుంటే రాత్రి కట్లపాము కరిచింది. నొప్పి లేదు, వాపు లేదు. ఇంట్లోవాళ్ళు ధైర్యపడి, వేరు అరగదీసి పోసి పడుకోబెట్టారు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వచ్చింది. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తారు. మరమీద ఊపిరి ఆడించి, విషం విరుగుడు సూది ఎక్కించి, దేవుని దయవల్ల బ్రతికించారు. ఇంకొక గంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. ఆ తల్లి నాతో, "వేరు వుందిలే అని కూర్చున్నాం బాబూ, అదే మమ్మల్ని ముంచింది" అన్నది.

కనుక, పాము కరిస్తే కట్టు బిగించవద్దు, గాటు పెట్టవద్దు, నోటితో పీల్చవద్దు. వేళ్ళ ఉంగరాలూ కడియాలూ తీసివేయండి. కరిచిన చెయ్యో కాలో కదలకుండా బద్దకట్టి, మనిషిని నడిపించకుండా, 108కి ఫోను చేసి, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే సూదిమందు ఒకటే వున్నది.

సరే. తినకూడదు, అడవిలో తవ్వకూడదు. మరి ఈ మొక్కతో మనకేమి పని అంటారా? పని వున్నది. మందుల తయారీదార్లకు వేరు కావాలి. అడవి ఇక ఇవ్వలేదు. కాబట్టి చేలో పండించి ఇవ్వాలి. ఆ పద్ధతి చెబుతాను. నా తప్పుతోనే మొదలుపెడతాను.

డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో, పుస్తకంలో చదివిందే వేదమనుకుని, ఒక రైతుకు ఈ పంట సలహా చెప్పాను. ఆయన సంతలో దొరికిన గింజలు రెండు కిలోలు కొని నారుమడి పోశాడు. నెల గడిచింది. మొలిచిన మొక్కల్ని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. "ఏమండీ ఆఫీసరుగారూ, అయిదు సెంట్లు దున్ని దున్ని గడ్డి పెంచమన్నారా?" అని అడిగాడు. నిజమే. ఆ గింజ ఎప్పటిదో నేను అడగలేదు, నీళ్ళలో వేసి చూడలేదు. సర్పగంధి గింజకు తాజాతనమే ప్రాణం. నిలవైనకొద్దీ మొలక పడిపోతుంది. తాజాగింజలోనైనా అన్నీ మొలవవు. సగం మొలిస్తే మంచి విత్తనమనుకోవాలి.

అందుచేత గింజ ఏ నెలలో కోసిందో అడిగి కొనండి. విత్తేముందు నీళ్ళలో వేయండి. తేలినవి తాలు, తీసి పారవేయండి. మునిగినవాటిని ఒక పగలూ రాత్రీ నానబెట్టి వాడండి. ఎకరానికి రెండునుంచి రెండున్నర కిలోల విత్తనం, సుమారు అయిదు సెంట్ల నారుమడి సరిపోతాయి. విత్తనంకోసమైతే ఇండోరు వ్యవసాయ కళాశాలలో తయారుచేసిన ఆర్.ఎస్.1 అనే రకం వున్నది. గింజ ఆరేడు నెలలు నిలవున్నా సగందాకా మొలుస్తుందని దానికి పేరు. హైదరాబాదు బోడుప్పల్‌లో కేంద్ర ఔషధ సుగంధ మొక్కల పరిశోధనా సంస్థ, అంటే సీమాప్, వారి కేంద్రం వున్నది. విత్తనం విషయం అక్కడ విచారించవచ్చు.

నారుమడి కాస్త నీడపట్టున వేయాలి. వైశాఖం చివరనుంచి జ్యేష్ఠంలోగా, అంటే మే నెలలో, ఎత్తుమళ్ళు చేసి, మాగిన పశువుల ఎరువు కలిపి, గింజల్ని వరుసల్లో పైపైన విత్తండి. పదిహేను ఇరవై రోజులకు మొలకలు కనిపిస్తాయి. కొన్ని నెలరోజులు దాటినాక గాని తల ఎత్తవు. రాలేదని మడి చెరపకండి. ఆరేడు వారాల నారును తొలకరి వానలు బాగా పడ్డాక జూలైలో నాటుకోవాలి. వరుసకూ వరుసకూ 45 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు. ఎకరానికి సుమారు ముప్ఫైవేల మొక్కలు పడతాయి.

వేరుముక్కలతోనూ కొమ్మ ముక్కలతోనూ కూడా మొక్క వస్తుంది. గింజ దొరకనప్పుడు అదొక దారి. అయితే గింజమొక్కకు తల్లివేరు లోతుకు దిగి లావెక్కుతుంది. ముక్కలనుంచి వచ్చినవాటిలో వేరు దిగుబడి తక్కువ.

నేల విషయం. నీరు నిలిచే నల్లరేగడి పనికిరాదు, వేరు కుళ్ళుతుంది. ఆకుమట్టి కలిసిన ఇసుకపాటి గరపనేలలు మేలు. అడవిమొక్క కనుక పలచని నీడ దీనికి ఇష్టం. మామిడితోటలోనో కొబ్బరితోటలోనో చెట్లమధ్య ఖాళీ వున్నవారు అక్కడ కొంచెం వేసి చూడవచ్చు. ఆఖరిదుక్కిలో ఎకరానికి ఎనిమిది పది టన్నుల పశువుల ఎరువు వేయాలి. ఎండాకాలంలో పదిహేను రోజులకొక తడి, చలికాలంలో నెలకొక తడి చాలు. మొదటి ఏడాది కలుపు రాకుండా చూస్తే, రెండో ఏటినుంచి మొక్కే నేలను కప్పుతుంది. వంగ, టమాటా వేసిన చేలో వెంటనే వేయకండి. వేరుకు బుడిపెలు పుట్టించే నులిపురుగు ఆ నేలలో దాగివుంటుంది.

వేరు బలియడానికి పూలగుత్తులు తుంచివేస్తారు. అన్నీ తుంచకండి. ఒక పక్క కొన్ని వరుసలు విత్తనానికని విడిచిపెట్టండి. కాయలు ఒక్కసారిగా పండవు. జూలైనుంచి నవంబరుదాకా పండినవి పండినట్టు ఏరుకుని, గుజ్జు కడిగి, గింజ ఆరబెట్టి, ఆ సంవత్సరమే వాడుకోవాలి. మీ విత్తనం మీ చేతిలో వుంటే సంతగింజ బెడద వుండదు.

తవ్వేదెప్పుడు? ఏడాదిన్నరకే తవ్వవచ్చునంటారు గాని రెండున్నర, మూడేళ్ళు ఆగితే బరువూ సారమూ రెండూ పెరుగుతాయి. పుష్యమాసం ప్రాంతంలో, ఆకు రాలినప్పుడు, వేరులో సారం నిండుగా వుంటుంది. ముందురోజు పలచగా తడిపెట్టి, పక్కనుంచి గునపం దించి, పిల్లవేళ్ళు కూడా తెగకుండా తీయండి. మరచిపోవద్దు: సారమంతా వేరు పైతోలులోనే ఎక్కువ. మట్టి కడిగే తొందరలో తోలు గీరివేస్తే డబ్బు గీరివేసినట్టే. జానెడు ముక్కలుగా కోసి, పటుక్కున విరిగేదాకా ఎండబెట్టి, తేమ తగలని గోనెల్లో నిలవచేయండి. పచ్చివేరు ఎండేసరికి సగానికి సగం తూకం తగ్గుతుంది. మంచి పోషణలో ఎకరానికి నాలుగైదు క్వింటాళ్ళ ఎండువేరు రావచ్చు.

ఇప్పుడు లెక్క. ఇది మూడేళ్ళ పంట. మూడేళ్ళదాకా పైకం కళ్ళజూడం. చేతిలో వున్న భూమంతా దీనికి పెట్టి అప్పుల పాలు కావద్దు. మొదట పది సెంట్లు వేయండి. మొదటి ఏడాది వరుసల మధ్య త్వరగా చేతికొచ్చే పొట్టిపైరు వేసుకోండి; ఇండోరులో సోయా చిక్కుడు, ఆ తరువాత వెల్లుల్లి వేసి చూశారు. నాటకముందే కొనేవాణ్ణి వెతుక్కోండి. రిసర్పిన్ కోసం కంపెనీలు ఆఫ్రికానుంచి ఇదే జాతి మరో చెట్టు వేరును కూడా వాడుతున్నాయి. కాబట్టి ఎవడో ఫోనులో చెప్పిన ధర నమ్మి దిగకండి. ఎంత కొంటారు, ఏ ధరకు, తేమ ఎంత వుండాలి, అన్నీ కాగితంమీద వ్రాయించుకోండి.

ఇంకొక జాగ్రత్త. ఈ వేరు చేలోదా అడవిదా అని చూసి ఎవరూ చెప్పలేరు. నాటిన ఏడాదే మీ అడంగల్‌లో గాని పహాణీలో గాని పంటపేరు వ్రాయించండి. దగ్గరలోని అటవీశాఖవారికి తెలియజేసి, రవాణాకు ఏ పత్రం కావాలో ముందే కనుక్కోండి. మూడేళ్ళ కష్టం దారిలో నిలిచిపోకుండా వుంటుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఈ పంట గూర్చి రైతు అడిగితే, లాభం ముందు చెప్పకండి. గింజ వయసు, మూడేళ్ళ నిరీక్షణ, కొనేవాడి పేరు, ఈ మూడూ ముందు చెప్పండి. ఆ తరువాత కూడా రైతు సరేనంటే అప్పుడు నారుమడి దగ్గరకు మీరూ వెళ్ళండి. నేను వెళ్ళక నేర్చుకున్న పాఠమిది.

ఆ మొదటి రైతు సంగతి చెప్పలేదు కదూ! నామీద కోపగించినా ఆ మొలిచిన కొద్దిమొక్కల్ని ఆయన పీకివేయలేదు. మామిడిచెట్ల కింద నాటుకున్నాడు. వాటి కాయలు ఏరి, మరుసటేడు తాజాగింజతో మళ్ళీ నారు పోశాడు. ఈసారి మడి నిండింది. అందులో ఒక బుట్టెడు నారు పట్టుకుని మేమిద్దరం కొండకింద ముసలాయన దగ్గరకు వెళ్ళాము. ఆయన ఆ నారును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "దీన్ని తవ్వడమే తెలుసు బాబూ, నాటడం ఇదే మొదలు" అన్నాడు. ఆయన పెరట్లో పనసచెట్టు నీడన ఆ మొక్కలిప్పుడు పూతమీద వున్నాయి.

మీ పెరట్లోనూ నాలుగు మొక్కలు వుండనివ్వండి. మింగడానికి కాదు, గింజకోసం. సెలవు.